గోండులకు పట్టాలిప్పించిన హైమెండార్ఫ్

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909 జూన్ 22వ తేదీన వియన్నా నగరమున జన్మించిరి. మానవశాస్త్రమున ఉన్నత విద్య నభ్యసించి, 1936లో నాగా జాతుల జీవనమును పరిశీలించుటకై తొలిసారి భారతదేశమునకు వచ్చిరి. 1939లో మరల వచ్చునప్పటికి ప్రపంచయుద్ధము ముంచుకొని వచ్చెను. ఆస్ట్రియాను హిట్లరు అంతకుముందే ఆక్రమించి యుండుటచే ఆయన చేతిలో నున్నది జర్మనీ పాసుపోర్టు. శత్రుదేశీయుడని యెంచి బ్రిటిషువారు ఆయనను నిజాము రాజ్యము దాటి పోకుండ కట్టడి చేసిరి. ఆ నిర్బంధమే ఆదిలాబాదు గోండులకు మేలయ్యెను.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము, ఆయన అనుచరులు నిజాము పోలీసుల తుపాకులకు బలియైరి. అలజడి అణగెను గాని దాని మూలము తెలియవలసి యుండెను. ఆ విచారణ హైమెండార్ఫునకు దక్కెను. ఆయన భార్య బెట్టీతో కూడ మార్లవాయి గ్రామమున నివాస మేర్పరచుకొని, గోండుల నడుమ వారి భాషలోనే మాటలాడుచు కాలము గడపిరి.

అచ్చట ఆయనకు తెలిసివచ్చిన సంగతి యిది. గోండులు తేలిక నేలలను కొన్ని యేండ్లు దున్ని, కొన్ని యేండ్లు బీడు విడిచి, మరల దున్నెడివారు. ఊరి పట్లా చూపిన చోట క్రొత్తగా వచ్చినవాడు సాగు చేసికొనును. అమ్మకము లేదు, కొనుగోలు లేదు. ప్రభుత్వపు కొలతలు వచ్చినప్పుడు బీడు నేల యెవ్వరిదియు కానట్లు లెక్కకెక్కెను. కొంత రక్షితారణ్యపు హద్దులలో కలిసిపోయెను. పత్తి పండెడి నల్లరేగడి చాల వరకు, కచేరీ త్రోవ తెలిసి పట్టాలు వ్రాయించుకొనిన బయటివారి పాలయ్యెను. కాగితము కలవానిది భూమి యని ఒక న్యాయము. తరతరములుగా దున్నినవానిది యని మరియొక న్యాయము. ఈ రెండింటి నడుమ గోండు నలిగిపోయెను.

హైమెండార్ఫ్ దున్నువాని పక్షము వహించిరి గాని కాగితమును త్రోసిపుచ్చలేదు. దున్నువాని పేరనే, ధర వసూలు చేయక, ఆ కాగితము వ్రాయింపవలెనని పట్టుబట్టిరి. కాయకము చేసిన చేతికి ఫలము దక్కవలెనని యెరిగిన బసవమార్గీయులకు ఈ వాదము క్రొత్త కాదు. అప్పటి రెవెన్యూ మంత్రి గ్రిగ్సన్ దొర తోడ్పాటు లేనిచో ఇది కార్యరూపము దాల్చెడిది కాదేమో. 1949 నాటికి 11 వేలకు పైబడిన గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరములు పట్టా అయ్యెను. అనగా తలకు సగటున 14 ఎకరములు.

ఈ పంపకమున లోటు లేకపోలేదు. నాగలి పట్టిన గోండునకు చూపుటకు చేను కలదు. కొండ నెత్తములపై పోడు చేసికొనెడి కొలామునకు చూపుట కేమి కలదు? అడవి కట్టుబాట్ల దెబ్బ వారికే అధికముగా తగిలెను. మరియు పట్టా హద్దు గీసిన నాటి నుండి గోండు సంసారము పెరుగును గాని చేను పెరుగదు. ఊరు మారి క్రొత్త నేల కొట్టుకొను పూర్వపు స్వేచ్ఛ పోయెను.

మార్లవాయిలో 1943లో బడి తెరచి, గోండీలో వాచకములు సిద్ధపరచి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిరి. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు కూర్చుండి గిరిజనుల మొరలు వినెడి దర్బారు ఆయన నెలకొల్పినదే. గిరిజన ప్రాంతములకు ప్రత్యేక పాలన నేర్పరచు నిబంధన 1946లో వెలువడెను.

తరువాత ఆయన లండను విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. గిరిజనభూమిని గిరిజనేతరులు పొందరాదను 1959 నాటి చట్టము 1963లో తెలంగాణమునకు వర్తించెను. ప్రసిద్ధమైన ఒకటి బై డెబ్బది నిబంధన 1970లో దానిని మరింత బిగించెను. అయినను 1970 తరువాతి దశకమున హైమెండార్ఫ్ తిరిగి వచ్చి చూడగా, తాము పంచిన భూములలో పెక్కు అప్పుల క్రిందను, కౌలు పేరనను చేతులు మారియుండెను. లంబాడీలు షెడ్యూల్డు తెగల పట్టికలో చేరిన పిమ్మట, ఆ కంచెలోపలనే పోటీ పెరిగెనని ఆయన కలత చెందిరి. లంబాడీలలోను భూమిలేని పేదలు కలరు గనుక ఈ తగవు నేటికిని తెగలేదు. తాము చూచినదంతయు 1982లో ప్రచురించిన గ్రంథమున దాపరికము లేక వ్రాసిరి.

బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. హైమెండార్ఫ్ 1995లో లండనున కన్నుమూసిరి. ఆయన అవశేషములను 2012లో తెచ్చి, భార్య ప్రక్కన నుంచిరి.