నీతిపాఠమునుండి వర్తకపాఠమునకు – ఆడం స్మిత్తు జీవితము

1881వ సంవత్సరమున అమెరికా దేశపు ఫిలడెల్ఫియా నగరమునందు వార్టను వ్యాపార విద్యాలయము నెలకొనెను. 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయమును ఆ త్రోవనే పట్టెను. మన దేశమున 1961లో అహమ్మదాబాదు, కలకత్తా నగరములందు అట్టి సంస్థలు వెలసినవి. జమాఖర్చులు, పెట్టుబడులు, విక్రయకళ ఇవి యన్నియు అచట నేర్పుదురు. నీతిశాస్త్రము మాత్రము చాలచోట్ల తుదకు చేర్చిన విడిపాఠముగా కనబడును. 2009 జనవరిలో మన హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు సంస్థలో లేని ధనమును ఉన్నట్లు చూపిన లెక్కలు బయల్పడినప్పుడు, ఈ విద్యలో నీతికి చోటెచ్చటనను ప్రశ్న మరల వినవచ్చెను. అర్థశాస్త్రమునకు మూలపురుషుడని పేరెన్నికగన్న ఆడం స్మిత్తు వృత్తిచేత నీతిశాస్త్రోపాధ్యాయుడు. ఈ సంగతి శరణబంధువులలో ఎందరెరుగుదురో! ఆయన చరిత్ర తెలిసికొనదగినది.

స్కాట్లండు దేశమున కిర్కాల్డీ యను చిన్న రేవుపట్టణము కలదు. అచటి సుంకపు అధికారి 1723లో మరణించెను. ఆయన మరణించిన కొలదినెలలకు పుట్టిన బిడ్డయే స్మిత్తు. ఆ సంవత్సరము జూన్ 5వ తేదీన ఆ శిశువునకు తండ్రి పేరే పెట్టి జ్ఞానస్నానము చేయించిరి. తల్లి మార్గరెట్టు ఆ యొక్క బిడ్డను కంటికి రెప్పవలె పెంచెను. చిన్ననాడు దేశదిమ్మరులెవరో ఎత్తుకొనిపోగా బంధువులు విడిపించి తెచ్చిరని యొక కథ కలదు. ఆయన వివాహమాడలేదు. తల్లి 1784లో వృద్ధాప్యమున కన్నుమూయువరకు, ఊళ్లు తిరిగిన కాలము తప్ప, ఆమెతోనే కాపురముండెను.

పదునాలుగవయేట గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరెను. అచట నీతిశాస్త్రము చెప్పు హచిసన్ పండితుడు లాటిను భాషను విడిచి, జనులాడు ఆంగ్లముననే పాఠము చెప్పెడివాడు. దేశభాషలో చెప్పిన పాఠము పిల్లల హృదయమునకు ఎంత సూటిగా దిగునో భాషోపాధ్యాయులకు వేరుగ చెప్పవలెనా? ఆ గురువు ప్రభావము స్మిత్తును జీవితాంతము విడువలేదు. 1740లో విద్యార్థివేతనముపై ఆక్స్‌ఫర్డునకు పోయి ఆరేండ్లు గడపెను. అచటి ఆచార్యులలో పలువురు జీతము పుచ్చుకొనుటయే గాని, పాఠము చెప్పుట మానివేసిరి. చెప్పినను చెప్పకున్నను జీతము తప్పదు గదా! ఈ అనుభవమును ఆయన మరువక, తరువాతి కాలమున తన గ్రంథములో ఎత్తిచూపెను.

1751లో గ్లాస్గోలో తర్కశాస్త్రాచార్యుడై, మరుసటి సంవత్సరమే నీతిశాస్త్ర పీఠమునకు మారెను. ఆయన పాఠ్యక్రమము గమనింపదగినది. మొదట దైవవిషయము, పిదప నీతి, ఆపై న్యాయము, తుదకు రాజ్యముయొక్క సంపద, వర్తకము, పన్నులు. అనగా వర్తకమును గూర్చి వినదలచిన విద్యార్థి నీతిద్వారము దాటియే రావలెను. నేటి విద్యాలయములలో ఈ వరుస తలక్రిందులైనది. పాఠమారంభించునపుడు స్మిత్తు తడబడెడివాడట. విషయము వేడెక్కిన కొలది మాట ధారగా సాగెడిదట.

మనుష్యుడు తన పనిని తానే తీర్పు చేసికొనుటెట్లు? ఏ లాభమును నష్టమును లేని యొక సాక్షి మన లోపల నిలిచి చూచుచున్నట్లు భావింపవలెనని ఆయన బోధ. ఆ సాక్షి మెచ్చని లాభము లాభము కాదు. 1759లో ఈ బోధ గ్రంథరూపమున వెలువడెను. ఆనాటి గ్లాస్గో నగరపు భాగ్యమంతయు వర్జీనియా పొగాకు మీద నిలిచినది. ఆ పొగాకును పండించినది ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు. ఆ పొగాకు వర్తకులతో స్మిత్తునకు స్నేహము కలదు; వారి సంఘములో కూర్చుండి వ్యాపారపు లోతులు నేర్చెను. అయినను ఆ బానిసల హృదయౌన్నత్యమును వారి యజమానులు ఊహింపనైనను జాలరని అదే గ్రంథములో తీవ్రముగా వ్రాసెను. అన్నము పెట్టు నగరమున నిలిచి ఈ మాట వ్రాయుట తేలిక గాదు.

1764లో ఒక యువప్రభువునకు గురువుగా ఫ్రాన్సు పోవలసివచ్చి, సంవత్సరము నడుమనే ఉద్యోగము వదలెను. విద్యార్థులు చెల్లించిన రుసుములను పొట్లములు కట్టించి తెచ్చి తిరిగి ఇవ్వబోయెను. పొందవలసినది పొందితిమని వారు వలదనిరి. ఆయన వినక, మొదటి విద్యార్థి అంగీ పట్టుకొని జేబులో పొట్లము కుక్కెననియు, అంతట తక్కినవారును పుచ్చుకొనిరనియు చెప్పుదురు.

ఫ్రాన్సునుండి వచ్చి ఏండ్ల తరబడి శ్రమించి, 1776 మార్చి 9వ తేదీన దేశసంపదను గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. అందులో అదృశ్యహస్తమను మాట ఒక్కసారి మాత్రమే వచ్చును. దానినే పట్టుకొని, స్వార్థమే సర్వమని ఆయన చెప్పినట్లు పలువురు చాటిరి. ఆ గ్రంథమునందే వర్తకులు గుమిగూడి ధరలు పెంచు కుట్రలను ఎండగట్టినాడని వారు చెప్పరు. ఈస్టిండియా కంపెనీని ఆయన విడువలేదు. నిజాముతో 1766లో చేసికొన్న ఒడంబడికచేత మన ఉత్తర సర్కారులను ఆ కంపెనీ చేజిక్కించుకొనెను. గ్రంథము వెలువడునాటికి ఆ ప్రాంతపు తెలుగువారు పదేండ్లుగా వర్తకుల యేలుబడిలో నుండిరి. రాజునకు ప్రజల కలిమి కావలెను, వర్తకునకు తన లాభము కావలెను. ఇరువురును ఒక్కరైనచో ప్రజకు దిక్కులేదని ఆయన వాదము. 1770 నాటి వంగదేశపు అనావృష్టి ఘోరక్షామముగా మారుటకు, బియ్యపు వ్యాపారముపై కంపెనీ ఉద్యోగులు పెట్టిన కట్టుబాట్లు కారణమై యుండునని వ్రాసెను. అయితే తప్పు ఆ ఉద్యోగులది కాదు, వారినుంచిన పరిస్థితిదనెను. ఇచట నాకు ఆయనతో పొత్తు కుదరదు. పరిస్థితి లోభమును పెంచును గాని, ధాన్యపు కొట్టునకు తాళము వేసిన చేయి మనుష్యునిదే. లోపలి సాక్షిని గూర్చి అంతగా బోధించినవాడు ఆ సాక్షిని ఈ ఘట్టమున ఏల పిలువలేదో!

1778లో ఎడింబరోలో సుంకముల కమిషనరయ్యెను. ఆంక్షలు తగ్గవలెనన్న వానికే ఆంక్షలు అమలుజరుపు కొలువు! దిగుమతి నిషేధించిన వస్తువుల పట్టిక చదివి చూడగా, తన మెడపట్టీలు, చేతిరుమాళ్లు మొదలగునవి చాలవరకు ఆ జాబితాలోనివే. వానిని తగులబెట్టెను.

అవసానకాలమున ఆయన మరల పట్టుకొన్నది నీతిగ్రంథమునే. ధనికులను ఆరాధించి పేదలను తృణీకరించు స్వభావము మన నీతిబుద్ధిని చెరచుననుచు ఒక క్రొత్త అధ్యాయము చేర్చి, 1790లో ఆరవ ముద్రణము వెలువరించెను. ఆ జూలై 17వ తేదీన మరణించెను. అంతకు కొలదిదినములముందు, అసంపూర్తిగానున్న తన వ్రాతప్రతులను మిత్రులచేత కాల్పించెను. పెద్ద జీతము, పింఛను గల మనుష్యునకు మిగిలిన ఆస్తి మిత్రులనుకొన్నదానికంటె తక్కువగా నుండెను. ఆయన గుట్టుగా దానములు చేసెడివాడని పిదప తెలిసినది.