రుడాల్ఫ్ డీజిల్

డోన్ పట్టణమునకు ద్రోణాచలమని మఱియొక పేరు గలదు. హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారి దాని ప్రక్కగా సాగును. బేతంచెర్ల నాపరాళ్లను మోయు లారీలును, నంద్యాల ధాన్యమును తెచ్చు పికప్ బండ్లును, చుట్టుపట్ల పల్లెల ట్రాక్టర్లును రేయింబవళ్లు బంకులవద్ద నిలిచి డీజిల్ పోయించుకొనుచుండును. ఆ మాటను మనము నూనెకు పేరుగా వాడుచున్నాము. నిజమునకది నూనె పేరు కాదు. ఒక మనుష్యుని ఇంటిపేరు. ఆయన ఆ నూనెను కనుగొనలేదు. దానిని మండించు యంత్రమును కనుగొనెను. ఆ యంత్రములోనికి నూనెను ఏ విధముగా పంపవలెనను చిక్కుతోనే ఆయనకు కొన్నియేండ్లు గడచిపోయెను.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతమునకు చెందినవారు. తండ్రి థియోడర్ పుస్తకములకు అట్టలు కట్టుచు, తోలు వస్తువులు చేసి అమ్ముచు కుటుంబమును పోషించుచుండెను. బాలుడైన రుడాల్ఫ్ ఆ వస్తువులను తోపుడుబండిలో పెట్టుకొని కొన్నవారి యిండ్లకు చేర్చుచుండెను. తీరిక దొరకినప్పుడెల్ల నగరములోని యంత్ర ప్రదర్శనశాలకు పోయి, పాత ఆవిరి యంత్రములను చూచుచు నిలుచుండెడివాడు.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. జర్మనులు ఫ్రాన్సును విడిచి పోవలసివచ్చెను. డీజిల్ కుటుంబము లండన్ నగరము చేరెను. కొలది కాలమునకే పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను తల్లిదండ్రులు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమునకు పంపివేసిరి. అచ్చట బంధువైన బార్నికెల్ అను గణితోపాధ్యాయుడు అతనిని తన యింట నుంచుకొని చదివించెను. తల్లిదండ్రులకు దూరమైన ఆ బాలుడు దిగులుపడి కూర్చుండలేదు. పదునాలుగవ యేట, తాను ఇంజనీరు కాదలచితినని వారికి జాబు వ్రాసెను. పాఠశాలలో ప్రథముడుగా నుత్తీర్ణుడై, విద్యార్థివేతనముతో 1875లో మ్యూనిక్ నగరములోని సాంకేతిక విద్యాలయమున ప్రవేశించెను. పరీక్షల సమయమున సన్నిపాతజ్వరము వచ్చుటచే ఒక అవకాశము తప్పిపోయినను, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో పట్టము పొందెను.

అచ్చటి గురువులలో కార్ల్ ఫాన్ లిండే ముఖ్యుడు. మంచును తయారుచేయు యంత్రములను నిర్మించినవాడీతడే. ఉష్ణశాస్త్రమును బోధించుచు, ఆవిరి యంత్రము తాను మ్రింగిన వేడిలో పదవవంతును మించి పనిగా మార్చజాలదని ఆయన విశదపఱచెను. నూఱు మణుగుల బొగ్గును కాల్చినచో తొంబది మణుగుల ఫలము గాలిపాలగుచున్నదన్న మాట! డీజిల్ మనస్సులో ఆ లెక్క ముల్లువలె నాటుకొనెను. ఇంతకన్న మంచి యంత్రము నుండవచ్చునా యని ఆయన చింతింప నారంభించెను. మఱియొక కారణము కూడ గలదు. ఆవిరి యంత్రములు పెద్దవి, ఖరీదైనవి. వానిని ధనవంతుల కర్మాగారములే భరింపగలవు. నేతగాడు, వడ్రంగి, కమ్మరి మొదలగు చిన్న పనివారు తమ యింట పెట్టుకొనదగిన యంత్రము రావలెనని ఆయన కోరిక.

సైకిలు పంపు కొనను వ్రేలితో మూసి నాలుగైదు మాఱులు గట్టిగా నొత్తినచో గొట్టము వెచ్చనగుట మీరెఱుగుదురు. గాలిని కుదించినకొలది అది వేడెక్కును. ఈ సూత్రముతోనే పూర్వము కొన్ని దేశములలో నిప్పు పుట్టించెడివారు. చిన్న గొట్టములో దూదివంటి పదార్థము నుంచి కాడను వేగముగా లోనికి నెట్టినచో, అగ్గిపుల్ల లేకయే అది అంటుకొనును. అట్టి పరికరమును డీజిల్ విద్యార్థి దశలోనే చూచియుండెను. గాలిని చాలినంతగా కుదించి, సరియైన క్షణమున అందులోనికి కొంచెము నూనెను చిమ్మినచో, నిప్పురవ్వ యవసరము లేకయే అది మండవలెను. ఆ మంట ముషలకమును క్రిందికి నెట్టవలెను. ఆయన భావన యింతియే. దానిని 1892లో పేటెంటు కార్యాలయమునకు సమర్పింపగా, మఱుసటి యేట అనుమతి లభించెను. ఆగ్స్‌బర్గ్ యంత్రశాలయు, క్రుప్ సంస్థయు ప్రయోగములకు ధనము నిచ్చుట కంగీకరించెను. అప్పటికాయన వయస్సు ముప్పదియైదు. భార్య మార్తా, ముగ్గురు పిల్లలు.

1893 ఆగస్టు 10వ తేదీన మొదటి ప్రయోగము జరిగెను. యంత్రమును పట్టీతో బయటి శక్తిచే త్రిప్పుచు ఇంధనమును లోనికి పంపిరి. వెంటనే పెద్ద ప్రేలుడు! లోపలి పీడనము సుమారు 80 వాతావరణములకు చేరి, దానిని కొలుచు సాధనము ముక్కలై యెగిరెను. దైవవశమున ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. యంత్రము తనంతట తాను ఒక్క చుట్టైనను తిరుగలేదు. అయినను డీజిల్ సంతసించెను. గాలి వేడిచేతనే ఇంధనము మండునని ఋజువైనది గదా!

అసలు చిక్కు అప్పుడే యెదురయ్యెను. నూనె బిందువులుగా పడినచో పైపై మాత్రము మండి, లోపలిది మసియగును. నూనె పొగమంచువలె సన్నని తుంపరగా మాఱి గాలియంతట వ్యాపింపవలెను. అదియును రెప్పపాటు కాలమున. లోపల గాలి ముప్పది నలుబది వాతావరణముల బలముతో ఎదురొత్తుచుండును. ఆ కాలమునందలి పంపులకు అంతటి శక్తి లేదు. డీజిల్ ఎన్నియో నాజిళ్లను చేయించి, మార్చి, పాఱవేసెను. తుదకు వేఱొక మార్గము పట్టెను. సిలిండరులోని దానికన్న బలమైన గాలిని వేఱొక యంత్రముతో సిద్ధపఱచి, ఆ గాలి విసురుతో నూనెను లోనికి ఊదించెను. 1894 ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము మొట్టమొదటి సారి తన బలముతో తిరిగెను. నిలిచినది సుమారొక్క నిమిషము. వేగము నిమిషమునకు 88 చుట్లు. అంతవఱకు యంత్రమును లాగుచున్న పట్టీని ఇప్పుడు యంత్రమే లాగుచున్నదని గ్రహించిన పనివాడొకడు, మాటలాడక తలపైని టోపీని తీసి నిలిచెనని చెప్పుదురు.

ఆ నిమిషమును గంటలుగా మార్చుటకు మఱి మూడేండ్లు పట్టెను. సరిగా అదే ఫిబ్రవరి 17వ తేదీన, 1897లో, ష్రోటర్ అను ఆచార్యుడు యంత్రమును స్వయముగా పరీక్షించెను. మూడు మీటర్ల యెత్తు, సుమారు నాలుగున్నర టన్నుల బరువు గల ఆ యంత్రము ఇంధనపు వేడిలో నూటికి 26 వంతులకు పైగా పనిగా మార్చినట్లు తేలెను. ఆనాడు భూమిపై ఏ ఉష్ణయంత్రమును అంతటి ఫలమునిచ్చి యెఱుగదు.

కీర్తి వెనువెంటనే వచ్చెను. ధనమును వచ్చెను. అమెరికాలో బీరు వ్యాపారియైన అడాల్ఫస్ బుష్ తన దేశపు హక్కులకై పది లక్షల మార్కులిచ్చెను. మ్యూనిక్‌లో డీజిల్ గొప్ప భవనమును కట్టించెను. నా యభిప్రాయమున ఆయన కష్టములకు అచ్చటనే బీజము పడినది. ప్రయోగశాలలో ఇంజనీర్ల కన్నుల యెదుట నడచిన యంత్రము కర్మాగారములందు సామాన్యుల చేతిలో నడువవలెనన్నచో ఇంకను కొన్నియేండ్ల శ్రమ కావలసియుండెను. కొన్నవారు ఆగలేదు, అమ్మినవారును ఆగలేదు. 1898లో కెంప్టెన్ నగరములోని అగ్గిపుల్లల కర్మాగారమునకు పంపిన యంత్రము మాటిమాటికి ఆగిపోయెను. ఇతర స్థలములనుండియు ఫిర్యాదులు వచ్చెను. డీజిల్ ఆరోగ్యము చెడెను. తీవ్రమైన తలనొప్పులతో చికిత్సాలయమున చేరవలసివచ్చెను. మిగిలిన ధనమును భూముల బేరములందును, చమురు బావులందును పెట్టి చాలవఱకు పోగొట్టుకొనెను.

1900లో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఈ యంత్రమునకు మహాబహుమానము లభించెను. ఆ ప్రదర్శనమున ఆటో సంస్థ నిలిపిన ఒక చిన్న డీజిల్ యంత్రము వేరుసెనగ నూనెతో నడచెను. ఆఫ్రికాలోని తమ వలసదేశములందు పుష్కలముగా పండు వేరుసెనగను ఇంధనముగా వాడవచ్చునేమోయని ఫ్రెంచి ప్రభుత్వము ఆ ప్రయోగమును కోరెనట. చూచినవారిలో పెక్కుమందికి తేడాయే తెలియలేదు. పిమ్మట డీజిల్ ఈ సంగతిని ఉపన్యాసములలో ప్రస్తావించి, మొక్కల నూనెలకు ముందు ముందు ప్రాముఖ్యము రావచ్చునని చెప్పెను. వేరుసెనగను నమ్ముకొనిన మన రాయలసీమ రైతుబిడ్డలకు ఈ సంగతి తెలియుట మంచిది.

యంత్రము క్రమముగా దృఢపడెను. 1912లో సెలాండియా అను డెన్మార్కు ఓడ డీజిల్ యంత్రములతో కోపెన్‌హేగన్ నుండి బాంకాక్ వఱకు సముద్రయానము చేసెను. రైలుబండిని లాగుటకు కూడ ఒక యంత్రమును కట్టి 1912–13లో పరీక్షించిరి, అది విఫలమయ్యెను. మన గుత్తి షెడ్డులోని డీజిల్ ఇంజన్లు దశాబ్దములపాటు డోన్ మీదుగా బండ్లను లాగినవి. ఇప్పుడు ఆ మార్గములందు విద్యుత్తు తీగలు వచ్చినవి. అట్టి యింజను జయప్రదముగా నడచుటను చూచు భాగ్యము మాత్రము డీజిల్‌కు కలుగలేదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున ఆయన ఇంగ్లండులోని యొక కర్మాగారపు పనిమీద ఆంట్వెర్ప్ రేవున డ్రెస్డెన్ అను ఓడ నెక్కెను. వెంట ఇద్దఱు మిత్రులుండిరి. రాత్రి భోజనము చేసి, ఉదయమున ఆఱుంబావునకు లేపుమని చెప్పి గదికి పోయెను. తెల్లవాఱి చూడగా పడక నలుగలేదు. ఓడ వెనుకభాగమున కమ్మీల చెంత ఆయన టోపీయు, పైకోటును చక్కగా పెట్టియుండెను. పది దినముల పిదప ఒక డచ్చి పడవవారు సముద్రమున ఒక శవమును చూచి, జేబులలోని వస్తువులను మాత్రము తీసికొనిరి. మందుల డబ్బా, చిన్న కత్తి, కంటి అద్దముల పెట్టె మున్నగువానిని చూచి, అవి తన తండ్రివే యని కుమారుడు యూజెన్ గుర్తుపట్టెను. ఆ రాత్రి జరిగినదానిని కన్నులార చూచినవారు లేరు. పలువురు పలువిధములుగా వ్రాసిరి. ఆయన అప్పులలో మునిగియుండెననుట మాత్రము సత్యము. ప్రయాణమునకు ముందు భార్యకిచ్చి వారము వఱకు తెఱువవలదన్న సంచిలో ఇరువది వేల మార్కులును, బ్యాంకు లెక్కలు శూన్యమని తెలుపు కాగితములును ఉండెను.

ఆయన యంత్రము ఓడలకును కర్మాగారములకును సరిపోయెను గాని రోడ్డు మీదికి రాలేదు. నూనెను ఊదు గాలియంత్రము చాల బరువైనది. దానిని లారీపై నెక్కించుట వ్యర్థము. గాలి సాయము లేక పంపు బలముతోనే నూనెను చిమ్మవలెనన్న డీజిల్ మొదటి యూహకే అందఱును తిరిగి రావలసివచ్చెను. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఈ పనికి పూనుకొని, వెండ్రుక మందమునకన్న సన్నని యెడముతో లోహభాగములను సానబట్టి, 1927లో ఇంధన పంపులను విరివిగా తయారుచేయ మొదలిడెను. అటుపిమ్మటనే డీజిల్ లారీలు లోకమంతట వ్యాపించెను. నేటి కొత్త బండ్లలో నూనె పీడనము రెండు వేల వాతావరణములను కూడ దాటుచున్నది.

ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్‌ను బాధించిన చిక్కు మెకానిక్ షెడ్డులలో నేటికిని ఉన్నది. బండి యెక్కువ బరువు లాగవలెనని కోరి, కొందఱు పికప్ యజమానులు పెద్ద రంధ్రముల నాజిళ్లను వేయింతురు. నూనె పెరిగినంత మాత్రమున బలము పెరుగదు. దానిని మండించు గాలియు పెరుగవలెను. గాలి చాలనిచో నల్లని పొగ వెడలును, వేడి హెచ్చి ముషలకము కరగును. కావున తెలిసిన మెకానిక్కు మొదట గాలి ఫిల్టరును, టర్బోను పరీక్షించును. ఆ యింజనుకు తగిన రంధ్రముల సంఖ్యను, కొలతను ఎంచును. నాలుగింటిని ఒకేసారి, పరీక్షాబల్లపై సమానముగా చిమ్మునట్లు చూచి మార్చును. విప్పునపుడు గొట్టముల మూతులను మూయును. ఏలయన ధూళి రేణువొకటి చాలు, కొత్త నాజిల్ చెడుటకు. పాత రాగి వాషరును తీసి, కూర్చుండు చోటును శుభ్రపఱచి, కొత్తదానిని వేసి, చెప్పిన బిగువునకే బిగించును. గొట్టములలోని గాలిని వెడలించిన పిదపనే బండిని నడుపును. కంప్యూటరు గల బండ్లలో ఒక్కొక్క ఇంజెక్టరు సంకేతసంఖ్యను దానికి తెలుపవలెను. షెడ్డులలో పని నేర్చుకొను పిల్లలు ఇది గుర్తుంచుకొనవలెను: నూనె చిమ్ము నాజిల్ ముందు వ్రేలు పెట్టరాదు. ఆ ధార సూదివలె చర్మమును చీల్చుకొని పోవును. గాయము చీమకాటంత కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

చిన్న పనివారికి పనికివచ్చు యంత్రము కావలెనన్న డీజిల్ కోరికను తీర్చినవారిలో జపానుకు చెందిన యమావోకా మాగోకిచి యొకడు. ఆయన 1933లో రైతులు వాడుకొనదగిన చిన్న డీజిల్ యంత్రమును నిర్మించెను. మన బావుల గట్టులపై ఏండ్ల తరబడి నీరు తోడిన ఆయిలింజన్లును ఆ కోవకు చెందినవే. డీజిల్ దేహము సముద్రమున కలిసెను. ఆయనకు సమాధి లేదు. 1957లో ఆ జపాను వ్యాపారి ఆగ్స్‌బర్గ్ నగరపు ఉద్యానములో, తన దేశమునుండి తెప్పించిన పెద్ద రాళ్లను నిలిపి, డీజిల్ పేర ఒక స్మారక వనమును కట్టించెను.