పల్లెటూరి చరిత్రకారుడు వట్టికోట ఆళ్వారుస్వామి

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారి మీద నకిరేకల్ అనే చిన్న పట్టణమున్నది. ఆ దారిన పోయేవారిలో చాలామంది దాని పేరును మైలురాయి మీద మాత్రమే చదివి ఉంటారు. దానికి సమీపంలోని చెరువు మాధవారం గ్రామంలో 1915 నవంబరు 1వ తేదీన సింహాద్రమ్మ, రామచంద్రాచార్యులు అనే దంపతులకు వట్టికోట ఆళ్వారుస్వామి జన్మించినారు. తెలంగాణ పల్లెలలోను, పల్లెల వంటి చిన్న పట్టణాలలోను మనుషులు ఏ విధంగా బ్రతికినారో తెలుసుకొనదలచిన విద్యార్థికి ప్రభుత్వ నివేదికల కంటె ముందు వీరి జీవితాన్నే మేము చూపుతాము.

నిజాం రాజ్యంలో ఆనాటి పల్లె ఎట్లుండేదో ఈనాటి మన విద్యార్థులు ఊహించుట కష్టం. ఊరి నడుమ గడీ. గడీలో దొర. దొర చేతి క్రింద పటేలు, పట్వారీ. చాకలి బట్టలుతికి, మంగలి క్షౌరం చేసి, కుమ్మరి కుండలిచ్చి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వవలసినదే గాని కూలి అడుగరాదు. అధికారి ఊరికి వచ్చినాడంటే సామాను మోయువాడు, వంటచెరకు తెచ్చువాడు, బండి కట్టువాడు అందరూ వెట్టికి పోవలసినవారే. దీని పేరు వెట్టి చాకిరి. రైతు తన పొలం పనిని విడిచి ముందుగా దొర పొలంలో నాగలి కట్టవలసి ఉండేది. వాన కురిసిన నాటి అదను పోయిన తరువాత తన చేనులో ఏమి మొలుచును?

కాగితం సంగతి మరొకటి. రాజభాష ఉర్దూ. శిస్తు రసీదు, కోర్టు నోటీసు, భూమి పట్టా అన్నీ ఆ భాషలోనే. తెలుగు రైతు తన భూమి కాగితాన్ని తానే చదువుకొనలేక పట్వారీ ముఖం వైపు చూచేవాడు. ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఉర్దూ రాజ్యమైనంత మాత్రాన పల్లెలోని బీద ముసల్మానుకు ఆ కాగితం అర్థమైనదని అనుకొనరాదు. నేతపని చేసేవాడు, దూదేకేవాడు, కూలికి పోయేవాడు చదువు లేనివాడే. అతడును పట్వారీ ముఖమే చూచినాడు. మన కళాశాల సంచిక ఒక వైపు నుండి ఉర్దూ పుటలతో, మరొక వైపు నుండి తెలుగు పుటలతో తెరచుకొంటుంది గనుక ఈ విషయం రెండు వైపుల పాఠకులకు తెలియుట అవసరమని మేము భావిస్తున్నాము.

ఈ స్థితిలో గ్రంథాలయోద్యమం మొలకెత్తినది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం వెలసినవి. నగరాలలో అంతటి సంస్థలను స్థాపించుటకు వకీళ్ళు, వర్తకులు, ఉద్యోగులు ఉన్నారు. పల్లెకు పుస్తకాన్ని చేర్చేదెవరు? సభ జరుపుకొనుటకు సైతం సర్కారు అనుమతి కావలసిన కాలమది.

ఆళ్వారుస్వామికి బడి చదువు దక్కలేదు. బాల్యంలోనే తండ్రి గతించినారు. ఉపాధ్యాయుల ఇంట వంటపని చేస్తూ, ఆ ఇంటనే అక్షరాలు దిద్దుకొన్నారు. పొయ్యి ముందు కూర్చున్న పిల్లవాడు వసారాలోని పాఠం విని నేర్చుకొనుట మన దేశంలో కొత్త కాదు. కాని నేర్చిన దానిని జీవితాంతం ఊరి వారికి తిరిగి పంచిపెట్టినవారు అరుదు. తరువాత విజయవాడ చేరి హోటలులో సర్వరుగా పనిచేసినారు. ఆపైన హైదరాబాదు వచ్చి, సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరినారు.

ప్రూఫురీడరు పని చిన్నదని లోకం అనుకొంటుంది. తెలుగు బోధించే మేము అట్లా అనుకొనలేము. ఇతరులు వ్రాసిన వాక్యాన్ని అక్షరమక్షరం తడిమి చూచినవానికి భాష లోపలి కీళ్ళు తెలుస్తవి. కళాశాల మెట్లెక్కని ఆ యువకునికి గోలకొండ పత్రికాలయమే విశ్వవిద్యాలయమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనే వెలసినది గాని, అక్కడి బోధనభాష ఉర్దూ. తెలుగు పల్లె నుండి వచ్చిన బీద పిల్లవానికి ఆ ద్వారం దాదాపు మూసి ఉన్నట్లే.

1938లో సికింద్రాబాదులో వారు దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించినారు. మూలధనం లేదు, అచ్చుయంత్రం లేదు, ధనికుల అండ లేదు. స్నేహితుల వద్ద చందాలు ప్రోగుచేసి, చౌక ధరకు పుస్తకాలు వేసి, ఆ పుస్తకాల మూటను తామే నెత్తిన పెట్టుకొని ఊరూర తిరిగి అమ్మినారు. ముప్పదికి పైగా గ్రంథాలు ఆ మాల క్రింద వెలువడినవి. ఈ మూట మోసిన సంగతిని వారి జీవితచరిత్రకారులందరు ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగుతారు. మాకు మాత్రం అక్కడనే ఆగవలెనని తోస్తుంది. కాగితం ఎంత బరువుంటుందో ఏడాదికొకసారి ఈ సంచిక కట్టలను తరగతి గదులకు మోయించే మాకు తెలుసును. మండే ఎండలో, బస్సు లేని బాటన, చదువరి దొరకునో దొరకడో తెలియని ఊరికి ఆ బరువుతో నడచుట సామాన్యం కాదు. పైగా ప్రతి ఊరిలోను గడీ ఉన్నది. పుస్తకాలవాడు వచ్చినాడన్న వార్త పాఠకుని కంటె ముందు దొరకు చేరేది.

అమెరికా మధ్య రాష్ట్రాలలోని చిన్న పట్టణ జీవితాన్ని గూర్చి సింక్లెయిర్ లూయిస్ 1920లో మెయిన్ స్ట్రీట్ అనే నవల వ్రాసినాడు. పుట్టిన ఊరు సాక్ సెంటర్‌ను మనసులో ఉంచుకొని వ్రాసినాడంటారు. అందులో నాయిక పూర్వం గ్రంథాలయోద్యోగిని. చిన్న ఊరిని బాగుచేయవలెనని వచ్చి, ఆ ఊరి తృప్తిని చూచి విసిగిపోతుంది. అక్కడ పుస్తకానికి అడ్డుపడినది ఊరివారి ఆత్మసంతృప్తి. మన పల్లెలో తృప్తి ఎక్కడిది? ఇక్కడ అడ్డు నిలిచినది ఆకలి, భయం. లూయిస్‌కు 1930లో నోబెల్ బహుమతి లభించినది. ఆ కాలంలో మన ఆళ్వారుస్వామి బ్రతుకుతెరువు వెదకుకొనే పదునైదేండ్ల కుర్రవాడు.

ఆంధ్ర మహాసభలో, ఆ తరువాత కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసినందుకు వారు పలుమారులు కారాగారం పాలైనారు. 1946 నుండి 1951 వరకు సాగిన నిర్బంధం వాటిలో సుదీర్ఘమైనది. ఆ తేదీలను పాఠకులు గమనించవలెను. 1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం పోయినది. జైలులో వారు మాత్రం ఉండిపోయినారు. నిజామాబాదు కోట జైలులో వారితో పాటు దాశరథి కృష్ణమాచార్యులు ఉన్నారు. మన పొరుగున మానుకోట ప్రాంతంలోని చిన్నగూడూరులో పుట్టిన ఆ యువకవి బొగ్గుముక్కతో జైలు గోడ మీద పద్యాలు వ్రాసినాడు. 1949లో దాశరథి అగ్నిధార కావ్యం వెలువడినది. కవి దానిని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చినాడు. ఈ దాశరథియే తరువాత గాలిబ్ గజళ్ళను తెలుగు చేసినాడు. నిజాంను ధిక్కరించినవాడు ఉర్దూను ప్రేమించినాడన్న సంగతిని ఈ సంచిక ఉర్దూ పుటలు చదివే మా మిత్రులకు మేము తరచు గుర్తుచేస్తూ ఉంటాము.

జైలులో కలసిన సామాన్య ఖైదీల బ్రతుకులే జైలు లోపల అనే కథలైనవి. విడుదలైన పిదప 1955లో ప్రజల మనిషి నవల వచ్చినది. దిమ్మెగూడెం అనే పల్లె, రామభూపాలరావు అనే దొర, అతనికి ఎదురు నిలిచిన కంఠీరవం అనే యువకుడు. కథ ఇంతే. విమర్శక దృష్టితో చూచినచో ఇందులో లోపాలున్నవి. పాత్రలు కొన్ని తావుల ఇంటిలో మాట్లాడుతున్నట్లు కాక సభలో ప్రసంగించినట్లుంటవి. అయినను వెట్టి ఎట్లు పంచేవారో, భూమి ఎట్లు చేతులు మారేదో, అధికారి వచ్చిన దినం ఊరు ఎట్లు వణికేదో అంత దగ్గరగా చూపిన నవల అంతకుముందు తెలంగాణములో లేదు.

ఆనాటి మతమార్పిడుల వివాదం కూడ ఇందులో వస్తుంది. ఆ పుటలను మొదటిసారి చదివినప్పుడు మా మనస్సు కొంత చివుక్కుమన్నమాట దాచము. మరల చదివినాము. పేదవాడు మతం మారుటకైనా, మరల వెనుకకు పోవుటకైనా వెట్టి నుండి విముక్తియే ఆశగా ఉన్నదని, ఇరుపక్షాల పెద్దలు ఆ ఆశతో ఆడుకొన్నారని రచయిత గ్రహించినాడని మాకు తోచినది. తరగతిలో ఈ భాగాన్ని దాటవేయుమని కొందరు మిత్రులు సలహా ఇచ్చినారు. మేము దాటవేయలేదు. ఆనాడు పిల్లలడిగిన ప్రశ్నలు గంట మ్రోగినా ఆగలేదు. నర్సంపేట, పరకాల వైపు పల్లెల నుండి వచ్చే ఇద్దరు ముగ్గురు తమ తాతలు వెట్టి చేసిన గడీ ఇంకను ఊరిలో శిథిలమై ఉన్నదని చెప్పినారు. వారిలో హిందువులు ఉన్నారు, ముస్లిములు ఉన్నారు.

ప్రజల మనిషి తరువాతి కాలపు కథను గంగు అనే నవలలో చెప్పదలచి ప్రారంభించినారు. సగంలో ఉండగానే 1961 ఫిబ్రవరి 5వ తేదీన గుండెపోటుతో మరణించినారు. అప్పటికి వారి వయస్సు నలుబది ఐదు. పూర్తిగాని గంగును 1965లో అట్లే అచ్చువేసినారు. మా విద్యార్థిని ఒకతె దానిని చదివి, చివరి పుట చింపినారా అని గ్రంథాలయంలో అడిగినదట.