ఉర్దూ మీడియం నుంచి నాగపూర్‌కు

కొండగట్టు దగ్గరి నాచుపల్లి జేఎన్టీయూలో బీటెక్ అయిపోయి, జర్మనీకి అప్లై చేద్దామంటే భాష దగ్గరే ఆగిపోతున్నారా? అయితే మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర ఊరి పీవీ నరసింహారావు సంగతి వినండి. ప్రధాని అయిన పీవీ కాదు, 17 ఏళ్ల పీవీ.

నిజాం రాజ్యంలో అప్పుడు చదువంతా ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, క్లాసులో ఉర్దూ. 1938లో వందేమాతరం పాడినందుకు హన్మకొండ కాలేజీ నుంచి ఆయన్ని బయటికి పంపేశారు. ఆ రాజ్యంలో ఇంకెక్కడా సీటు దొరికే దారి లేదు. చదువు ఆపేయాలి, లేదా సరిహద్దు దాటాలి. అలా బహిష్కరణకు గురైన చాలామంది విద్యార్థుల్లాగే ఆయనకీ నాగపూర్ తలుపు తెరిచింది.

పాస్‌పోర్టు అక్కర్లేదన్న మాటేగానీ, అది వేరే దేశం కిందే లెక్క. పాఠాలు ఇంగ్లిష్‌లో, బజార్లో మాట్లాడాలంటే మరాఠీ. ఉర్దూలో నేర్చుకున్న లెక్కలనే మళ్లీ ఇంకో భాషలో పట్టుకోవాలి. ఇంటర్ గట్టెక్కి, పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ చేశారు. తర్వాత నాగపూర్‌లోనే లా.

పరాయిగా మొదలైన మరాఠీ ఎంత వంటబట్టిందంటే, హరినారాయణ ఆప్టే నవలను ‘అబల జీవితం’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ ‘వేయిపడగలు’ను హిందీలోకి తీసుకెళ్లారు. స్పానిష్ కూడా నేర్చారు. నాకు మాత్రం ఇంకోటి నచ్చుతుంది: అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని కోబాల్ కూడా నేర్చుకున్నారు.