పేరు దాచుకున్న 'స్టూడెంట్'

స్టాటిస్టిక్స్ క్లాసులో 'స్టూడెంట్స్ టి-టెస్ట్' అని మొదటిసారి విన్నప్పుడు, మనలాంటి కుర్రాడెవరో కనిపెట్టాడు కాబోలని మురిసిపోయాను. తీరా చూస్తే ఆ 'స్టూడెంట్' డబ్లిన్‌లో బీరు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి! అయినా విద్యార్థి సంఘం సంచికలో ఆయన్ని తలుచుకోవడం సబబే అనిపించింది.

అసలు పేరు విలియం సీలీ గాసెట్. 1876 జూన్ 13న ఇంగ్లండులోని కాంటర్‌బరీలో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివి, 1899లో ఐర్లండు వెళ్ళి గిన్నిస్ కంపెనీలో చేరాడు. నల్లటి స్టౌటు బీరుకి ఆ కంపెనీ పెట్టింది పేరు.

బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని వేడినీళ్ళలో వేస్తే తీపి సారం దిగుతుంది. ఆ సారాన్ని హాప్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టాలి. చెప్పడానికి ఇంతే. కాని ఈ ఏటి బార్లీ నిరుటి బార్లీలా ఉండదు. ఈస్టు పాలు కాస్త అటూ ఇటూ అయితే సరుకే మారిపోతుంది. మా ఊళ్ళో కల్లు బాగుందో లేదో తాగినవాడి నాలుకే తేల్చేస్తుంది. ఏటా లక్షల పీపాలు చేసేచోట నాలుక ఒక్కటే చాలదు కదా!

ఈస్టు కణాల్ని గళ్ళ గాజుపలక మీద మైక్రోస్కోపులో లెక్కపెట్టేవారు. ఒక్కో గడిలో ఒక్కో సంఖ్య వస్తుంది. ఆ తేడాలు ఏ లెక్క ప్రకారం వస్తాయో గాసెట్ తేల్చి, 1907లో అచ్చువేశాడు. అంతకంటె పెద్ద చిక్కు మాల్ట్ పరీక్షలతో వచ్చింది. ఒక్కో పరీక్షకి ఖర్చు, కాలం. రెండు మూడు సార్లు చూసి వచ్చిన సగటుని ఎంతవరకు నమ్మొచ్చు? అప్పటి పుస్తకాల్లోని సూత్రాలన్నీ వందలూ వేలూ లెక్కలున్నవారికే పనికొచ్చేవి.

1906లో కంపెనీ ఆయన్ని లండన్‌లో కార్ల్ పియర్సన్ దగ్గరికి పంపింది. అక్కడ చేసిన పని నాకు భలే నచ్చింది. 3000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమచేతి నడిమివేలి పొడవు కార్డుల మీద రాసి, పేకముక్కల్లా బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ఒక్కో గుంపు సగటు ఎంత తప్పుతోందో చూస్తే, తను కాగితం మీద వేసిన లెక్కతో సరిపోయింది. అదే 1908 నాటి వ్యాసం. వ్యాపార రహస్యాలు పొక్కుతాయన్న భయంతో కంపెనీ ఉద్యోగుల్ని సొంత పేరుతో రాయనిచ్చేది కాదు. అందుకే 'స్టూడెంట్' అని సంతకం పెట్టాడు. చాలాకాలం ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్ళే తక్కువ. కుర్రవాడైన ఫిషర్ దానికి గట్టి రుజువు చూపించాడు. తర్వాత దాన్ని ఈనాటి 'టి' రూపంలోకి తెచ్చిందీ ఆయనే.

ఇక బార్లీ పొలాల సంగతి. రైతుబిడ్డని కనుక ఇక్కడ కాస్త ఆగుతాను. రెండు విత్తనాల్లో ఏది మేలో చూడాలంటే, ఒకటి కాలవ పక్క మడిలో, ఇంకోటి చౌడు మడిలో వేసి తూకం చూస్తే న్యాయమా? మా ఇళ్ళలో ఏటా చేసే తప్పు ఇదే! వార్మిన్‌స్టర్‌లో బీవెన్ అనే బార్లీ నిపుణుడు గొర్రు సగంలో ఒక రకం, మిగతా సగంలో మరో రకం పోసి, పొలం పొడుగునా పక్కపక్క పట్టీలుగా ఎదబెట్టించేవాడు. పక్కనున్న పట్టీల తేడాయే చూడాలన్నది గాసెట్ పట్టు. ఏ మడిలో ఏది వెయ్యాలో చీట్లు తీసినట్టు తేల్చాలన్నది ఫిషర్ వాదం. ఇద్దరూ స్నేహితులే, ఈ విషయంలో మాత్రం ఎవరూ తగ్గలేదు. నన్నడిగితే, ఐదెకరాల రైతుకి గాసెట్ మాటే ముందు తలకెక్కుతుంది. ఫిషర్ వాదం తప్పని మాత్రం అనను. మా లెక్చరర్లు ఒప్పుకోరు కూడా!

మనిషి నెమ్మదస్తుడు. తోటపని, చేపల వేట, పడవలు చెయ్యడం ఆయన సరదాలు. 1935లో లండన్ పార్క్ రాయల్‌లో కడుతున్న గిన్నిస్ కొత్త కర్మాగారం బాధ్యత ఆయన మీద పడింది. రెండేళ్ళకే, 1937 అక్టోబరు 16న, 61వ ఏట గుండెపోటుతో పోయాడు. పొలం పట్టీల తగాదా మీద ఆయన రాసిన ఆఖరి వ్యాసం 1938లో అచ్చయింది. దాని కిందా ఉన్న పేరు 'స్టూడెంట్' అనే.