మ్యాపులు గీయడానికి వచ్చాడు.. ఊళ్ల కథలు రాయించాడు! కైఫియత్తుల మెకంజీ గురించి తెలుసా?

మహానంది వెళ్లినవాళ్లు కోనేట్లో దిగగానే ఆశ్చర్యపోయేది ఆ నీళ్లను చూసి. అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా స్పష్టంగా కనిపిస్తుంది. నల్లమల అడుగు నుంచి ఊరుతూనే ఉండే ఆ నీళ్లే కింద అరటి తోటలకు, వరి మళ్లకు పారతాయి. గుడి ఎవరు కట్టారని అడిగితే పుట్ట మీద పాలధార కురిపించిన ఆవు కథ వస్తుంది, లింగం మీద గిట్ట గుర్తు కథ వస్తుంది, నందరాజు పేరు వస్తుంది. సీమలో ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. గుడికో, చెరువుకో, కోటకో, కనీసం ఊరి పేరుకో!

ఈ కథలను ఊరూరా మనుషులను పంపి అడిగించి, కాగితం మీద పెట్టించిన వ్యక్తి రెండు వందల ఏళ్ల కిందట ఉన్నాడు. పేరు కోలిన్ మెకంజీ. ఆయన రాయించిన వాటినే మెకంజీ కైఫియత్తులు అంటారు. ఇప్పుడు సర్వే అనగానే ఎగ్జిట్ పోల్స్, ట్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చే ఉద్యోగి గుర్తొస్తారు. కానీ మనుషుల్ని అడిగి, రాసుకుని, సరిచూసుకునే పని తెలుగు నేల మీద ఇంత పెద్ద ఎత్తున జరిగింది మెకంజీ కాలంలోనే. అందులో అసలు పనిమంతులు మనవాళ్లే.

ఎవరీ మెకంజీ?

స్కాట్లాండ్‌కు వాయవ్యంగా సముద్రంలో లూయిస్ అనే దీవి ఉంది. అక్కడి స్టోర్నోవే అనే రేవు ఊళ్లో 1754లో మెకంజీ పుట్టాడు. కొన్నాళ్లు అక్కడే కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. లెక్కలంటే ఇష్టం. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవిత చరిత్ర రాయాలని ఆ వంశస్థుడు ఒకాయన అనుకున్నారు. హిందువుల గణితం గురించి సమాచారం కావాల్సి వచ్చింది. అలా మెకంజీకి భారతదేశం మీద ఆసక్తి మొదలైంది.

1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. మదురైలో నేపియర్ల ఆడపడుచు హెస్టర్ జాన్‌స్టన్ ఇంట్లో స్థానిక పండితులతో పరిచయం అయ్యింది. అయితే మద్రాసు వచ్చిన సైనికుడికి పుస్తకాలు ముందేసుకుని కూర్చునే తీరిక ఎక్కడిది? ఇంజినీర్ల దళంలోకి మారాక టిప్పు సుల్తాన్‌తో యుద్ధాలు, తర్వాత నిజాం రాజ్యం సర్వే. దారులు, కొండలు, వాగులు, కోటలు కొలిచి మ్యాపులు గీయడమే పని. సైన్యం ఎటు నుంచి ఎటు నడవాలో చెప్పే మ్యాపులు అవి.

ఆ తిరుగుళ్లలోనే 1794లో నల్లమల అడవులు దాటి శ్రీశైలం చేరాడు. గుడి గోడల మీది శిల్పాలను చూసి రాసుకున్న వివరాలు తర్వాత కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆ తర్వాత అమరావతి వెళ్లాడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి. దిబ్బ తవ్వితే బయటపడ్డ చెక్కిన రాళ్లు కట్టడాలకు పోతున్నాయి. ఆ రాళ్ల సంగతి బయటి ప్రపంచానికి తెలియజేసింది మెకంజీనే. 1816లో మళ్లీ వెళ్లి మనుషుల్ని పెట్టి వాటి బొమ్మలు గీయించాడు. ఆ రాళ్లలో చాలావరకు తర్వాత పాడైపోయాయి. బొమ్మలు మాత్రం మిగిలాయి.

ఇక్కడే అసలు చిక్కు. మెకంజీకి తెలుగు రాదు. తమిళం, కన్నడం, సంస్కృతం కూడా రావు. ఈ విషయం ఆయనే దాచకుండా ఒప్పుకున్నాడు. భాష రాని మనిషి ఊళ్లో కరణాన్ని ఏమని అడుగుతాడు?

ఏలూరు అన్నదమ్ములు

ఆ ప్రశ్నకు జవాబు కావలి వెంకట బొర్రయ్య. ఏలూరులో 1776లో పుట్టాడు. సంస్కృతం, తెలుగు, ఇంగ్లిష్ నేర్చుకుని, కుర్రాడిగా ఉండగానే మెకంజీ దగ్గర చేరాడు. అర్థం కాని పాత కన్నడ లిపి శాసనాలను చదివే దారి కనిపెట్టింది బొర్రయ్యే అంటారు చరిత్రకారులు. బొర్రయ్య పరిచయం తర్వాతే తనకు ఈ దేశ చరిత్రలోకి తలుపు తెరుచుకుందని మెకంజీ రాసుకున్నాడు. ఒక కంపెనీ అధికారి తన కింద పనిచేసే పాతికేళ్ల కుర్రాడి గురించి ఇంత మాట రాయడం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

కానీ 1803లో బొర్రయ్య చనిపోయాడు. నిండా ముప్పై ఏళ్లు కూడా లేవు.

ఆయన తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చాడు. ఊళ్ల మీదికి ఎవరిని పంపాలి, వాళ్లు ఏం అడగాలి, తెచ్చిన కాగితాల్లో ఏది పనికొస్తుంది.. ఇదంతా లక్ష్మయ్య చూసుకునేవాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఫీల్డ్ మేనేజర్, ట్రైనర్, డేటా చెకింగ్ అన్నీ ఆయనే. మరో తమ్ముడు రామస్వామి కూడా అదే పనిలో ఉన్నాడు. దక్కను కవుల జీవిత చరిత్రలను ఇంగ్లిష్‌లో పుస్తకంగా రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించింది ఈ రామస్వామే.

ముందు గొలుసు వచ్చింది.. తర్వాత కలం వచ్చింది

రాయలసీమలో కైఫియత్తుల పని ఎంత కష్టమో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. 1802లో ఆయన పొలాల సర్వే మొదలుపెట్టినప్పుడు భూమి కొలవడం తెలిసినవాళ్లు ఆయన కచేరీలో నలుగురంటే నలుగురు గుమాస్తాలు. వాళ్లతోనే స్థానికులకు నేర్పించాడు. కొద్ది నెలల్లో యాభై మంది, మరుసటి ఏడాదికి వంద మంది తయారయ్యారు. 33 అడుగుల గొలుసుతో ఒక్కో పొలం కొలిచారు. అటూ ఇటూ ఒక్కో గొలుసు ఉంటే ఎకరంలో నలభయ్యో వంతు. ఇప్పటికీ తెలంగాణలో గుంట అంటే అంతే కదా!

ఆ కొలత దేనికో రైతుకు బాగా తెలుసు. శిస్తు కోసం. గొలుసు పొలంలోకి దిగిందంటే ఆ వెనకే పన్ను వస్తుంది.

ఆ గొలుసు వెళ్లిన కొన్నాళ్లకు మెకంజీ మనుషులు కలం, కాగితం పట్టుకుని అవే ఊళ్లలోకి దిగారు. మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, గుడికి ఎంత భూమి ఉంది.. ఇవీ ప్రశ్నలు. వినేవాళ్లకు ఏమనిపిస్తుంది? మాన్యాల మీద కన్ను పడిందనే కదా! కొందరు కాగితాలు చూపించనన్నారు. కొందరు రేపు రమ్మన్నారు. ఇంటింటి సర్వేకు వెళ్లిన ఎవరికైనా ఈ అనుభవం తెలిసే ఉంటుంది. రేషన్ కార్డు పోతుందేమో, పింఛన్ ఆగిపోతుందేమో అని జనం నేటికీ జవాబు మింగేస్తారు.

చెప్పాలంటే ఆ భయం ఉత్తది కూడా కాదు. మెకంజీ కంపెనీ మనిషే. దేశాన్ని తెలుసుకోవడం, దేశాన్ని ఏలడం.. ఈ రెండూ ఆ రోజుల్లో వేరు పనులు కావు. ఆయన చరిత్ర మీద ఇష్టంతోనే సేకరించినా ఆయన్ను పంపిన వాళ్ల లెక్క వేరు.

మరి జవాబులు ఎలా రాబట్టారు?

కైఫియత్తు అంటే ఉర్దూ నుంచి వచ్చిన మాట. పరిస్థితి, వివరం, నివేదిక అని అర్థం. ఒక్కో ఊరికి ఒక్కో కైఫియత్తు. దానికి ఆధారం ముఖ్యంగా కరణాల దగ్గర తరతరాలుగా ఉన్న కవిలెలు. దండకవిలె అంటే ఊరి రికార్డన్నమాట. అది ఉంటే నకలు తీసుకోవాలి. లేకపోతే పెద్దలను కూర్చోబెట్టి చెప్పించుకోవాలి. గుడి దగ్గర రాతి శాసనం ఉంటే దాన్నీ ఎత్తి రాసుకోవాలి.

ఈ పనికి వెళ్లిన వాళ్లలో నారాయణరావు, నిట్టల నయన లాంటి పేర్లు రికార్డుల్లో కనిపిస్తాయి. నెలల తరబడి ఊళ్లు పట్టుకుని తిరిగేవాళ్లు. ఎక్కడ ఉన్నారో, ఎవరిని కలిశారో, ఏం దొరికిందో, ఏం దొరకలేదో రిపోర్టు పంపాలి. దొరకనిది కూడా రాయడం ఇందులో గమనించాల్సిన విషయం. ఫీల్డుకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేసే జబ్బుకు ఇప్పటి సర్వే సంస్థలు జీపీఎస్ పెడుతున్నాయి, ఫోన్ చేసి క్రాస్ చెక్ చేస్తున్నాయి. అప్పట్లో ఆ పని చేసింది ఈ రోజువారీ రిపోర్టులే.

ఇక కరణంతో మాట్లాడే తీరు వేరు, పూజారితో వేరు, పాలెగాడి వారసుడితో వేరు. ఎవరి కథ వాళ్లకు గొప్ప. ఏది రాసి ఉన్నది, ఏది విన్నది అని విడదీయాలి. మోడీ, గ్రంథం, హళేకన్నడం లాంటి లిపుల్లో కనీసం కొన్నయినా రావాలి. వీటికి డిగ్రీలు లేవు. తిరిగి తిరిగి నేర్చుకున్నదే.

అలాగని కైఫియత్తుల్లో ఉన్నదంతా నిజమని కాదు. పురాణం, వంశగర్వం, నిజమైన దానం అన్నీ ఒకే పేజీలో కలిసిపోయి ఉంటాయి. గండికోట పెమ్మసాని నాయకుల గురించి, సిద్ధవటం మట్లి రాజుల గురించి రాసేవాళ్లు కైఫియత్తును శాసనాలతో పోల్చి చూసుకుంటారు. కానీ కైఫియత్తు లేకపోతే పోల్చడానికే ఏమీ ఉండదు. రాజుల యుద్ధాలు శాసనాల్లో దొరుకుతాయి. ఊరి చెరువు ఎప్పుడు తెగింది, కరువులో ఎవరు ఎటు పోయారు లాంటివి ఇంకెక్కడ దొరుకుతాయి?

మహానంది, నంద్యాల వైపు మాత్రం అప్పటికి కంపెనీ చేతిలోకి రాలేదు. అది కర్నూలు నవాబు ఏలుబడి. 1839లో గానీ ఆ నవాబు పాలన ముగియలేదు. మన్రో గొలుసు దత్తమండలాలనే కొలిచింది.

లక్షకు అమ్ముడైన సంపద

1810లో మెకంజీ మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. మధ్యలో జావా యుద్ధానికి వెళ్లాడు. అక్కడే పెట్రోనెల్లా అనే డచ్ యువతిని పెళ్లి చేసుకున్నాడు. 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. ఆ తర్వాత కలకత్తాకు మకాం మార్చినప్పుడు లక్ష్మయ్యను కూడా వెంట తీసుకెళ్లాడు. 1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు గీసిన మెకంజీ బొమ్మ ప్రస్తుతం లండన్‌లో ఉంది. ఎర్ర కోటులో మెకంజీ, చుట్టూ ముగ్గురు భారతీయులు. వాళ్లలో ఒకరు లక్ష్మయ్యేనని చెబుతారు.

1821 మే 8న కలకత్తా దగ్గర మెకంజీ చనిపోయాడు. 1783లో వదిలిన సొంత దీవిని మళ్లీ చూడనే లేదు. సేకరణ కోసం చాలా ఖర్చు సొంత జేబులోంచే పెట్టుకున్నాడు. కంపెనీ ఆ మొత్తాన్ని ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొనుక్కుంది. 1828లో విల్సన్ అనే పండితుడు జాబితా వేస్తే 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు, 2,630 బొమ్మలు లెక్క తేలాయి. ఆ జాబితాకు మెకంజీ పేరే పెట్టారు.

లక్ష్మయ్య ఏమయ్యాడు?

పని సగంలో ఆగిపోయింది. ఎన్నో ఊళ్లకు ఇంకా వెళ్లాలి. తెచ్చిన కాగితాలు అనువాదం కావాలి. ఈ పని ఎలా చేయాలో బతికున్నవాళ్లలో లక్ష్మయ్య కంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. తనకు అప్పగిస్తే కొనసాగిస్తానని ఆయన ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. విషయం కలకత్తా ఆసియాటిక్ సొసైటీ దాకా వెళ్లింది. అప్పట్లో అక్కడ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. బ్రాహ్మీ లిపిని చదివిన మహా పండితుడు. 1836లో సొసైటీ కమిటీ తేల్చింది ఏంటంటే, ఇంత పెద్ద పరిశోధనను నడిపే అర్హత లక్ష్మయ్యకు లేదని. సమాచారం తెచ్చి ఇచ్చే సహాయకుడిగా పనికొస్తాడు గానీ, దాన్ని విశ్లేషించే పనికి చాలడట! కాగితాలను పరిశీలించే బాధ్యత విలియం టేలర్ అనే మిషనరీకి వెళ్లింది.

నలభై ఏళ్ల అనుభవం ఒక పక్క, ఎప్పుడూ ఊళ్లకు వెళ్లి కైఫియత్తు రాయించని మనిషి మరో పక్క. పోటీ అదీ.

లక్ష్మయ్య అక్కడితో ఆగిపోలేదు. మద్రాసులో భారతీయులే నడిపే హిందూ లిటరరీ సొసైటీకి నాయకత్వం వహించాడు. కానీ కైఫియత్తుల పని మళ్లీ ఆయన చేతికి రాలేదు. ఇప్పటికీ సర్వేల్లో ఇదే లెక్క నడుస్తోంది. ఎండలో తిరిగి జవాబులు తెచ్చిన ఎన్యుమరేటర్ పేరు రిపోర్టు మీద ఉండదు.

ఇప్పుడు ఎక్కడున్నాయి?

మెకంజీ కాగితాలు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, మరికొన్ని చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. నాసిరకం కాగితం, పురుగుల వల్ల పాడైపోతున్న తెలుగు కైఫియత్తులను సి.పి.బ్రౌన్ తిరగరాయించి బైండు చేయించాడు. 1820లో ఉద్యోగిగా కడపలో అడుగుపెట్టిన అదే బ్రౌన్. కడపలో ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పటి బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేయించింది కూడా ఈ సంస్థే. జిల్లా వాళ్లు సొంత ఊరి పేరు వెతుక్కోవాలంటే ముందు చూడాల్సింది ఆ సంపుటాలనే.