రాని వారినీ లెక్కించిన ఖలీఫా

రంజాన్ నెల వచ్చిందంటే గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు పట్టణాల్లో కలిగిన వారి ఇళ్ల ముందు బారులు కనిపిస్తాయి. జకాత్, ఫిత్రా సొమ్ము చేతులు మారుతుంది. ఇచ్చిన వారికి విధి నెరవేరిందన్న తృప్తి, పుచ్చుకున్న వారికి పండుగ గడిచిందన్న ఊరట. మంచిదే. కాని ఆ బారులో నిలబడటానికి మనసొప్పక ఇంట్లోనే ఉండిపోయిన వారి మాటేమిటి? పద్నాలుగు వందల ఏళ్ల క్రితం ఒక పాలకుడు ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నారు. ఆయనే రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి).

హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన బనూ అదీ వంశంలో జన్మించారు. చిన్నతనంలో తండ్రి ఒంటెలను మేపారు. తండ్రి ఖత్తాబ్ కఠినుడు. పని చేయించుకోవడమే గాని జాలి చూపడం ఎరుగడు. యౌవనంలో వర్తకం చేశారు. మొదట ఇస్లాంను తీవ్రంగా వ్యతిరేకించినా, సోదరి ఫాతిమా ఇంట తాహా సూరా వాక్యాలు విని మనసు కరిగి దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి చేరుకున్నారు. ఎండలో పశువుల వెంట తిరిగిన ఆ రోజులను ఆయన ఖలీఫా అయిన తరువాత కూడా మరువలేదు.

ఖైబర్‌లో ఆయనకు మంచి భూమి లభించింది. అంత విలువైన ఆస్తి అంతకు ముందు ఆయనకు లేదు. దానినేం చేయాలని దైవప్రవక్త (స)ను సలహా అడిగి, ఆ భూమిని అమ్మకూడదు, దానమివ్వకూడదు, వారసులు పంచుకోకూడదు అని కట్టుబాటు చేసి, దాని ఫలసాయాన్ని పేదలకు, బంధువులకు, బాటసారులకు, బానిసల విముక్తికి కేటాయించారు. ఇస్లామీయ చరిత్రలో వక్ఫ్‌కు ఇది తొలి ఆదర్శాలలో ఒకటి. ఈనాడు మన ఊళ్లలో మసీదుకో, దర్గాకో ఉన్న మాన్యాలకు మూలం ఇక్కడ ఉంది.

క్రీ.శ. 634లో హజ్రత్ అబూబకర్ (రజి) మరణానంతరం ఆయన ఖలీఫా అయ్యారు. ఆయన కాలంలోనే ఇరాక్, సిరియా, ఈజిప్టు ఇస్లామీయ పాలన కిందికి వచ్చాయి. బైతుల్ మాల్‌కు ధనం వచ్చిపడింది. ఎవరికి ఎంత చేరాలో నిర్ణయించడానికి పేర్లతో జాబితాలు రాయించారు. అదే దీవాన్. మొదట పాలు మరచిన పిల్లలకే భత్యం ఉండేది. ఒక రాత్రి గస్తీలో ఒక పసిబిడ్డ ఆగకుండా ఏడవడం విన్నారు. భత్యం త్వరగా వస్తుందని ఆ తల్లి బిడ్డకు ముందే పాలు మాన్పిస్తోందని తెలిసింది. తాను పెట్టిన నిబంధనే పసివారి నోటి దగ్గర పాలు లాగేస్తోందని ఆయన కుమిలిపోయారు. పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నాటి నుంచే భత్యమని ప్రకటించారు. తాను చేసిన చట్టంలో తప్పును ఒప్పుకుని సరిదిద్దుకోవడం పాలకులలో అరుదైన గుణం.

మరొక రాత్రి సేవకుడు అస్లంతో కలిసి మదీనా వెలుపల తిరుగుతుండగా దూరాన ఒక పొయ్యి కనిపించింది. చుట్టూ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. వారిని ఊరడించడానికి తల్లి ఉత్త నీళ్లు పొయ్యి మీద పెట్టింది. వచ్చిన వ్యక్తి ఎవరో తెలియక, తమ గతి పట్టని ఖలీఫా మీద అల్లాహ్‌కు మొరపెట్టుకుంటానంది. ఆయన కోపించలేదు. తిరిగి వెళ్లి బస్తా పిండి, కొవ్వు తీసుకుని తన వీపునే మోశారు. అస్లం మోస్తానంటే ఒప్పుకోలేదు, ప్రళయ దినాన తన భారం మరొకరు మోయరు గదా! గడ్డం సందుల నుంచి పొగ వస్తుండగా తానే పొయ్యి ఊది, వండి, పిల్లలు తిని నవ్వే దాకా అక్కడే ఉన్నారు.

హిజ్రీ 18వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 639లో, అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. గాలికి బూడిదలా దుమ్ము లేచేది కనుక దానికి బూడిద సంవత్సరమని పేరు. ఎడారి పల్లెల వారు మదీనాకు వచ్చిపడ్డారు. హజ్రత్ ఉమర్ (రజి) రాష్ట్రాల అధికారులకు వర్తమానాలు పంపి ధాన్యం, నూనె తెప్పించారు. పెద్ద పెద్ద డేగిసాల్లో వంటలు చేయించారు. ప్రజల కడుపు నిండే దాకా నెయ్యి, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. నూనెతోనే సరిపెట్టుకోగా ఆయన శరీరం రంగు మారిపోయింది.

ఆ రోజుల్లోనే ఆయన ఒక లెక్క తీయించారు. భోజనానికి వచ్చినవారు ఏడు వేలు. తరువాత రాని వారిని లెక్కించమన్నారు. రోగులు, పిల్లలు, ఇల్లు కదలలేని వారు కలిసి నలభై వేలు. ఇబ్నె సాద్ గ్రంథంలో ఈ లెక్క ఉంది. వచ్చిన వారికి వడ్డించి చేతులు కడుక్కుని ఉంటే ఆ నలభై వేల మంది ఏమయ్యేవారు? వారికి ఆహారం వారున్న చోటికే పంపించారు. ఆ ఏడు జకాత్ వసూలు ఆపారు. వానలు పడిన తరువాత పల్లెవాసులకు దారి బత్తెం, వాహనాలు ఇచ్చి సొంత ఊళ్లకు చేర్చారు. మరుసటి ఏడు రెండేళ్ల జకాత్ వసూలు చేయించి, అందులో ఒక ఏటిది అక్కడి పేదలకే పంచమని ఆదేశించారు.

మన గడ్డకు కూడా కరువు కొత్త కాదు. 1832-33 నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమను పట్టిన కరువులో లక్షన్నరకు తక్కువ కాకుండా జనం చనిపోయారు. అప్పటి కుంపెనీ ప్రభుత్వ సాయం సకాలంలో అందలేదు. రాని వారిని లెక్కించే పాలకుడు ఉండటానికి, లేకపోవడానికి ఉన్న తేడా అది.

కష్టం వచ్చాక ఆదుకోవడమే కాదు, రాకుండా కాయడం కూడా ఆయనకు తెలుసు. ప్రభుత్వ పచ్చిక బీళ్లకు కాపలాగా హునై అనే వ్యక్తిని నియమించి, నాలుగు ఒంటెలో, నాలుగు మేకలో ఉన్న వారిని లోనికి రానివ్వమని, సంపన్నుల మందల గురించి అంతగా ఆలోచించవద్దని చెప్పారు. సంపన్నుడి పశువులు పోతే అతనికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు పోతే పిల్లలతో వచ్చి నిలబడతాడు. అప్పుడు ఇవ్వవలసిన బంగారం కంటే ఇప్పుడు ఇచ్చే గడ్డి చవక. వీధిలో యాచిస్తున్న వృద్ధ యూదుడిని చూసి అతనికి జిజియా పన్ను రద్దు చేసి బైతుల్ మాల్ నుంచి సాయం ఇప్పించారు. ఆయన దయకు మతం అడ్డురాలేదు.

హిజ్రీ 23, క్రీ.శ. 644లో ఫజ్ర్ నమాజులో అబూ లూలూ కత్తిపోట్లకు గురై ఆయన అమరులయ్యారు. అంత సామ్రాజ్యాన్ని ఏలిన ఆ మనిషికి 86 వేల అప్పు తేలింది. తన ఆస్తితో దానిని తీర్చమని కుమారుడు అబ్దుల్లాకు చెప్పారు. ఆ బాధలోనూ తన తరువాత వచ్చే ఖలీఫాకు పల్లెవాసుల విషయం గుర్తు చేశారు. వారి మిగులులో నుంచి తీసుకున్నది వారి పేదలకే తిరిగి ఇవ్వాలన్నది ఆయన చివరి ఆదేశాలలో ఒకటి.

ఇప్పుడు మన నల్లరేగడి పల్లెల వైపు చూద్దాం. 2021-22లో తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప చేలను ఊడ్చేసింది. పెట్టుబడి పోయింది, కౌలు మాత్రం కట్టాల్సి వచ్చింది. 2019 నాటి చట్టం కింద కౌలు కార్డుకు భూయజమాని అంగీకారం కావాలి. ఆ సంతకం దొరకని రైతు పేరు ఏ జాబితాకూ ఎక్కలేదు. ఊరికి రెండు మూడు ఇళ్లుగా ఉండే మన నూర్‌బాషా సోదరుల సంగతీ అంతే. దూది ఏకి పరుపులు కుట్టిన ఆ కుటుంబాలలో చాలామంది వృత్తి పోయి నేడు పత్తి తీతకు, మిరప కోతకు కూలికి వెళుతున్నారు. పట్నంలోని మసీదు ముందు బారు వారికి చాలా దూరం.

దివ్య ఖురాన్ జకాత్‌కు అర్హులుగా పేర్కొన్న ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు కూడా ఉన్నారు. కనుక మనం కొన్ని పనులు చేయవచ్చు. ప్రతి జమాత్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు అడగలేక ఉన్నారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. నూరు మందికి నూరేసి పంచే బదులు, ఏటా కొన్ని కుటుంబాలకైనా అప్పు తీరేలా, ఏరువాకకు విత్తనం కొనుక్కునేలా, ఒక గేదెనో కుట్టు మిషన్‌నో సమకూర్చుకునేలా ఇవ్వాలి. ఇచ్చేది వారి గడపకు చేర్చాలి, నలుగురిలో పిలిచి ఫొటోలు తీయకూడదు. సదఖా సొమ్ములో పొరుగునున్న ఇతర మతస్తుల కష్టానికీ భాగం పెట్టాలి.

మన దగ్గర ఖలీఫా ఖజానా లేదు. అయినా ఒక పుస్తకం, ఒక కలం, రాత్రి పూట నాలుగు ఇళ్లు తిరిగే ఓపిక ఉంటే చాలు. ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత మసీదులో కనిపించిన వారిని పలకరించడంతో పాటు, రాని వారెవరో కూడా ఒకసారి లెక్క వేద్దాం. ఆ బుద్ధిని, శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.